మా ఎనిమిదంకెల సంఖ్య

73939133. ఈ సంఖ్య ఎక్కడైనా కంటపడితే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది.

గుడియాత్తం నుంచి వేలూరు కాలేజీకి రోజూ బస్సులో పోయే కాలంలో నాకో స్నేహితురాలు ఉండేది. ఇద్దరం ఎమ్మెస్సీ గణితమే. ఇద్దరివీ తెలుగు మాట్లాడే మగ్గాల ఇళ్ళే. ఆమె ఇంగ్లీషు మీడియంలో చదివింది, నేను తమిళంలో. ప్రధాన సంఖ్యను నేను ‘పగా ఎణ్’ అని నేర్చుకున్నాను. అంటే దేనితోనూ విడిపోని సంఖ్య.

ఒక పొద్దున బస్సులో ఊరికే మొదలైంది. ఏడు ప్రధాన సంఖ్య. పక్కన మూడు పెడితే డెబ్బై మూడు, అదీ అంతే. ఇంకో అంకె చేర్చితే 739, అదీ అంతే.

“ఇట్లా యాడిదాకా పోతుందో చూస్తామా?” అన్నాను.

ఆమె కాలిక్యులేటర్ తీసింది. చాలా దారులు నాలుగైదు అంకెల దగ్గరే మూసుకుపోయేవి. వెనక్కి వచ్చి మరో అంకె పెట్టి చూసేవాళ్ళం. పల్లికొండ దాకా నేను భాగించేదాన్ని, ఆ తర్వాత ఆమె. ఎనిమిదంకెలకు చేరాక, ఎనిమిది వేల ఆరు వందల లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాల్సి వచ్చింది. ఏదీ దాన్ని విడగొట్టలేదు. కుడివైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పోయినా మిగిలేది ప్రతిసారీ ప్రధాన సంఖ్యే. తొమ్మిదో అంకె మాత్రం ఏది పెట్టినా కుదరలేదు. సరి అంకెలు, సున్నా, ఐదు ఎలాగూ పనికిరావు. ఒకటి గానీ ఏడు గానీ పెడితే మూడు దాన్ని విడగొట్టేస్తుంది. మూడు, తొమ్మిది కూడా చివరికి నిలవలేదు. అది తేలిన రోజు మా నవ్వులకు కండక్టరు తిరిగి చూశాడు.

కాలేజీ గణిత దినోత్సవంలో దీని గురించి ఆమె మాట్లాడాలని అనుకున్నాం. ఇంగ్లీషులో చక్కగా మాట్లాడింది. మొదటి మాట నుంచీ ‘నేను’ అనే చెప్పింది. ఎప్పుడో ఒకసారి ‘మేము’ వస్తుందని మూడో వరసలో కూర్చుని ఎదురుచూశాను. రాలేదు.

అతిథిగా వచ్చిన పెద్ద ప్రొఫెసరు లేచారు. “ఇది ఎప్పుడో తెలిసిన సంఖ్యేనమ్మా. ఈ రకం వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. అయినా ఏ పుస్తకమూ చూడకుండా ఒక్కదానివే ఇంతదూరం వచ్చావు చూడు, అదీ గొప్ప” అన్నారు. హాలంతా చప్పట్లు.

బస్‌స్టాండులో అడిగాను. “నేను, నేను అంటివే. నేను యాడ పోయినాను?”

ఆమె తలెత్తలేదు. “నీ పేరు చెప్తే నిన్నూ స్టేజీ మీదికి పిలుస్తారు గదమ్మా. నీకు ఇంగ్లీషు రాదు. సిగ్గుపడతావని...”

“నా సిగ్గేదో నేనే పడుదును గదా.”

ఆ రోజు నుంచి వేరే వేరే బస్సుల్లో వెళ్ళాం.

ఇంట్లో అమ్మ కండెలు చుడుతూ అంతా విన్నది. “పోనీలే నాయనా, ఆ నంబరు ఏమన్నా కూడు పెడతాదా?” అంది.

నా స్నేహితురాలికి పెట్టింది. ఆ ప్రొఫెసరు దగ్గరే పీహెచ్‌డీలో చేరి, ఇప్పుడు పెద్ద కాలేజీలో పాఠాలు చెబుతోంది. నేను గుడియాత్తంలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు నేర్పుతున్నాను.

పోయినేడు బజారులో ఎదురుపడింది. “బాగుండావా?” అంది. బాగుండానన్నాను. ఎండలు ఎక్కువయ్యాయని ఆమె అంటే అవునన్నాను. ఆ సంఖ్య మాట ఇద్దరం ఎత్తలేదు. నేను కావాలనే ఎత్తలేదు. ఆమె మాత్రం నిజంగానే మరిచిపోయినట్టుంది.