తొందరపడిన ఎడమచెయ్యి

ఆ రోజుల్లో బడి మానేసిన ప్రతివానికీ రెండు చేతులుండేవి. నాకూ ఉండేవి, కాకపోతే నావి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. తొమ్మిదిలో నేను బడికి దండం పెట్టినానో, బడే నాకు పెట్టిందో (ఇప్పటికీ తేలలేదు), ధర్మవరంలో మా నాయన మగ్గం ముందర కూచున్నా. కుడిచేత్తో తాడు లాగితే అడ్డపోగు మోసే నాడె పోగుల మధ్య పరుగెత్తి అవతలికి చేరాల. చేరినాక ఆ పోగు బిగిసేటట్టు ఎడమచేత్తో పలకను దగ్గరికి కొట్టాల. నా ఎడమచెయ్యికి ఆత్రం జాస్తి. నాడె సగం దారిలో ఉండంగానే కొట్టేది, అది ఇరుక్కునేది, పట్టుపోగులు పుటుక్కున తెగేవి. ముడులేసి ముడులేసి విసిగిపోయిన నాయన నన్ను మగ్గం దించేసి, చేతులు రెండూ కలిసేదాకా గాల్లోనే నేసుకోమన్నాడు. నేనూ పనిమంతుణ్ణే కదా, అన్నం తినేటప్పుడు తప్ప (అప్పుడు కుడిదానిదే పెత్తనం) ఎప్పుడు చూసినా గాల్లో నేస్తానే ఉంటి.

ఆ అలవాటుతోనే హిందూపురానికి పిల్లను చూడ్డానికి పోయినాం. అప్పటికే రెండు సంబంధాలు "పిల్లోడు ఏం చేస్తాడు" అన్నకాడనే తెగినాయి. ఇదీ తప్పితే నీకు పెండ్లి లేదని, పెనుకొండ దాటినా ఆపకుండా చెప్పుకుంటా వచ్చినాడు నాయన. చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూచోమన్నాడు. కూచున్నా. పిల్ల వచ్చి ఎదురుగా కూచునేసరికి చేతులు వాటంతటవే మగ్గమెక్కినాయి. వాళ్ల అవ్వ కళ్లు చికిలించి చూసి, ఇల్లంతా వినబడేటంత గుసగుసగా అడిగింది.

"ఏమప్పా, పిల్లోనికి మూర్ఛ గీర్ఛ ఏమన్నా ఉండాదా?"

నాయన నోట్లో ఉప్మా అట్లే నిలిచిపోయింది. భయానికి నా చేతులు ఇంకా జోరందుకున్నాయి. అప్పుడు పిల్ల తలెత్తింది. నా మొగం వైపు కాదు, చేతుల వైపు చూసింది. వాళ్లదీ నేసే ఇల్లే.

"మూర్ఛ కాదులే అవ్వా, నేస్తాండాడు. నాడె చేరకముందే ఎడమచేత్తో కొడతాండాడు. ఒక్క లెక్క ఆగి కొట్టమను."

ఆగినా. కొట్టినా. నాయన ఇన్నేండ్లు తిట్టినా వినని చెయ్యి, ఆమె ఒక్క మాటకు లొంగింది. సంబంధం కుదిరింది.

ఇప్పుడు మా ఇంట్లో మరమగ్గం. స్విచ్చికి ఒక్క వేలు చాలు, మిగతాదంతా అదే చూసుకుంటాది. పక్కన ఆమె, నా ఒళ్లో నా చేతులు. చేతులు రెండూ ఎంత కలిసిమెలిసి ఉన్నాయో, పాపం, చెప్పినట్టల్లా వింటాయి. చెప్పడానికే నాకేం పని మిగల్లేదు.