టీచరక్క తెచ్చిన కోట నవల

మొన్న మా కోడలు ఫోన్లో స్నేహితురాళ్లతో, వచ్చే నెల అందరం కలిసి పాతకాలపు ఇంగ్లిషు భయానక నవల ఒకటి చదవబోతున్నామని, అప్పటిదాకా ఆగడం తన వల్ల కాదని నవ్వుతూ చెబుతుంటే, బియ్యం ఏరుతున్న నా చేయి ఆగిపోయింది. అలాంటి పుస్తకం కోసమే ఒక వానాకాలమంతా నేనూ ఎదురుచూశాను.

తొంభైలలో మాట. మావారికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చి మొఘల్‌పురాలో ఒక పాత మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటావిడ, ఆవిడ కూతురు. వాళ్ల పక్క వాటాలో బడిలో ఇంగ్లిషు చెప్పే టీచరక్క, భర్తను వదిలి వచ్చి ఒక్కతే ఉండేది. శనివారం ఒంటిపూట బడి కాగానే ఆమె మా అందరినీ కింది వరండాలో కూర్చోబెట్టి, ఒక్కో పేజీ చదివి తెలుగులో చెబితే, ఇంటావిడ కూతురు దాన్ని ఉర్దూలో తల్లికి చెప్పేది.

ఒకరోజు టీచరక్క, చదువుకునే రోజుల్లో తనను వణికించిన నవల గురించి చెప్పింది. కొండమీద పాడుబడ్డ కోట, అందులోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, నేలమాళిగలోంచి వినిపించే ఏడుపు. ఏడ్చేదెవరో మాత్రం చెప్పలేదు. లైబ్రరీలో ఆ పుస్తకం ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదట. వారం వారం వెళ్లి అడిగి వచ్చేది. ఈలోగా మేం కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఊహలు అల్లేవాళ్లం. చచ్చిపోయిన మొదటి పెళ్లామని నేను. ఇంటావిడ మాత్రం, తనకొచ్చిన కాస్త తెలుగులో, "దయ్యం గియ్యం ఏం లేదు. అత్త ఉంటది, చూడుండ్రి" అని తేల్చేసింది.

దసరా వెళ్లాక పుస్తకం దొరికింది. కింద సున్నాలు వేస్తున్నారని ఆ శనివారం మా గదిలో కూర్చుందామనుకున్నాం. పకోడీలకు పిండి కలిపాను. ఆరోజే మావారు పెందరాళే ఇంటికొచ్చారు. మొగుణ్ణి వదిలేసిన మనిషితో మీ ఆవిడకు సావాసమేమిటని ఆఫీసులో ఎవరో అన్నారట. టీచరక్క గడప దగ్గరకు రాగానే, "మీరిక మా ఇంటికి రాకండి. మాకు పరువుంది" అన్నారు.

ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు చెల్లె. నన్ను రావద్దంటవా?"

నేను తల వంచుకుని, "ఆయన చెప్పారుగా అక్కా" అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత శనివారాలు నేను తలుపు వేసుకుని పైనే ఉండిపోయాను. ఏడాది తిరక్కుండా మేం జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం.

చాలా ఏళ్లకు, చార్మినార్ దగ్గర గాజులు కొంటుంటే, నన్ను ఉర్దూలో అక్కా అన్నట్టు 'ఆపా' అని పిలిచే ఇంటావిడ కూతురు కనిపించింది. టీచరక్క అంతకుముందు ఏడాదే జబ్బుచేసి పోయిందని చెప్పింది. ఆ నవల చదివారా అని అడిగాను.

"చదివినం ఆపా. రెండు శనివారాలు మీ కోసం ఆగినం. మీరొస్తరని టీచరక్కే ఆపింది."

ఏడ్చేదెవరో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి మావారికి చెబితే, పేపర్లోంచి తల ఎత్తకుండా "ఏ టీచరు?" అన్నారు.

ఇప్పుడు మా కోడలు ఎవరితో కూర్చోవాలో మా అబ్బాయి చెప్పడు, చెప్పినా ఆ పిల్ల వినదు. నా ఈడువాళ్లు అది చూసి, మన కాలం అలాంటిది, మనమేం చేయగలిగేవాళ్లం అని నిట్టూరుస్తారు. నేనూ తల ఊపుతాను. కానీ టీచరక్క బతికిందీ ఆ కాలంలోనే.