పుట్టకముందే అల్లిన టోపీ

అక్కను కాన్పుకు పిలుచుకొచ్చిన వారంలోనే నేను దొంగతనంగా టోపీ అల్లడం మొదలుపెట్టినాను. అప్పుడు నాకు పదమూడేండ్లు. అంతకు ముందు ఏడాది కర్నూలులో మేనత్త ఇంట్లో ఉండి మిషను బడికి పోయేదాన్ని. అక్కడి పంతులమ్మ మాకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పింది. చదువు మాన్పించి కోడుమూరు దగ్గర మా పల్లెకు తెచ్చినప్పుడు ఆ సూదిని బట్టల మూటలో పెట్టుకొని వచ్చినాను.

తెచ్చుకున్న దారం నెలలోనే అయిపోయింది. మా వీధి చివర గొర్రెల దొడ్డి ఉండేది. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆ దొడ్డి కురుబ ఆమె కంబళ్ళకు ఉన్ని వడికేది. అడిగితే, గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన మెత్తటి ఉన్నిని సన్నగా వడికి ఒక ఉండ ఇచ్చింది. దేనికని అడగలేదు.

పుట్టని బిడ్డకు గుడ్డ కుట్టకూడదు, ఉయ్యాల కట్టకూడదు అనేది మా ఇంట్లో కట్టడి. ముందే సిద్ధం చేస్తే బిడ్డ నిలవదని మా నాయన తల్లి, మా జేజి, గట్టిగా నమ్మేది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే అల్లినాను. జేజి ఒకసారి చూసి, "ఏం చేస్తాండావు?" అంటే, "చెంబుకు తొడిగే గలేబు జేజీ" అన్నాను. అక్క మాత్రం కనిపెట్టేసింది. ఒక మధ్యాహ్నం దాన్ని తన పిడికిలికి తొడుక్కొని చూసి, "ఇది బిడ్డకా, గుమ్మడికాయకా?" అని నవ్వింది.

ఆ తర్వాత మూడో దినం తెల్లారుతూనే అక్కకు నొప్పులొచ్చినాయి. ఏడు నెలలు నిండి పది దినాలే అయింది.

ఆడబిడ్డ పుట్టింది. మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటా, "ఏడో నెల బిడ్డ బతుకుతాది, ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారు. దీన్ని యాడ లెక్కేసేదో నాకే తెలీల్యా" అంది. పుష్యమాసపు చలి. బిడ్డను దూదిలో చుట్టి చాటలో పండబెట్టి పక్కన కుంపటి పెట్టినారు. చప్పరించే సత్తువ కూడా లేదు దానికి. అమ్మ గుడ్డ ఒత్తిని పాలలో ముంచి పెదవుల మీద పిండేది.

జేజి పురుటిగది గడప ముందర కూచొని అందరినీ ఒకే మాట అడిగింది.

"ఎవురన్నా ముందే ఏమన్నా చేసిపెట్టినారా? నిజం చెప్పండి."

అమ్మ లేదంది. నేను మెల్లగా జారుకున్నాను. పెరట్లోకి పోయి టోపీని చొప్పవామిలోకి మోచేయి దాకా తోసేసినాను. చేయి బయటికి తీసినా టోపీ ఇంకా వేళ్ళకే తగులుకొని ఉన్నట్టు అనిపించింది. అక్క బిడ్డను నేనే చంపుతున్నానని నాకు ఖాయంగా అనిపించింది.

మూడో దినం పొద్దున మంత్రసాని గదిలోంచి గట్టిగా చెప్తోంది. "వెచ్చదనమంతా తలలోంచే పోతాండాది. దూది నిలుస్తాలేదు, జారిపోతాండాది. కాళ్ళు చూడు, ఎట్ల చల్లబడినాయో." అమ్మ ఏదో అనబోయి ఏడ్చింది. నన్ను ఆ గదిలోకి రానివ్వరు. వాకిట్లోనే నిలబడి విన్నాను. చొప్పవామిలోంచి టోపీని పెరికి తీసుకొని, దాన్ని బిడ్డకు తొడగొచ్చా కూడదా అని అడగడానికి గొర్రెల దొడ్డికి పరుగెత్తినాను.

పెద్దమ్మకు అంతా చెప్పేసినాను. ఆమె కదురు ఆపకుండానే విన్నది.

"గొర్రె ఈనకముందే మేము పిల్లలకు గూడు కడతాము. అట్లని పిల్లలు సస్తాండాయా?" అంది. "ఏదీ, ఇట్లియ్యి."

టోపీని తన మోకాలి మీద పరిచి చూసింది. "ఇది శానా పెద్దది. బిడ్డ ముక్కు మీదికి జారితే ఊపిరాడదు. కంబళిని వేన్నీళ్ళలో తొక్కి దట్టం చేసినట్ల దీన్నీ కుదించల్ల."

కాగే నీళ్ళు తొట్టిలో పోసి కుంకుడు రసం కలిపింది. ఇద్దరం కూచొని పిసికినాము. చేతులు ఎర్రగా పొక్కినాయి. నేను లెక్కపెట్టుకొని వేసిన అల్లిక ఒక్కొక్క వరసే కనపడకుండా పోతా ఉంది. పాడు చేస్తున్నామేమో అని నేను చేయి వెనక్కి తీసుకుంటే, "ఆపొద్దు, ఇప్పుడే పట్టుకుంటాంది" అని గదిమింది. చివరికి అది దట్టమైన తోలు మాదిరి ఒకటే పొరగా అయింది, సగానికి కుదించుకపోయింది. చిన్న చెంబు అడుగుకు తొడిగి, ఎండకు కాగిన బండ మీద పెట్టింది.

ఆరేదాకా ఆగడం నా వల్ల కాలేదు. పది సార్లు పోయి ముట్టుకొని చూసినాను. మా ఇంటి వైపు నుంచి ఏడుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకొనే ఉన్నాను. పొద్దు నడినెత్తి మీదనుంచి వాలినాక, "ఇంక తీసుకపో" అంది పెద్దమ్మ.

జేజి గడప దగ్గరే ఉంది. టోపీ చూపించినాను. అది ఇప్పుడు ఆమె చూసిన గలేబు మాదిరి లేనే లేదు. పెద్దమ్మ ఇచ్చిందంటే అయిపోయేది. నాలుక దాకా వచ్చింది ఆ మాట.

"ఎప్పుడు చేసినావు ఇది?" అంది జేజి.

"బిడ్డ పుట్టకముందే."

జేజి నా ముఖంలోకి చూసింది. చెంప మీద పడుతుందని కండ్లు మూసుకున్నాను. పడలేదు. కండ్లు తెరిచేసరికి ఆమె తన పాత చీర అంచు చించి, సూది ఎక్కించి, గరుకు తగలకుండా టోపీకి లోపలి గుడ్డ కుడుతోంది. దారం కొరికి అమ్మను పిలిచి గదిలోకి అందించింది. ఆ తర్వాతే నాతో మాట్లాడింది.

"ఈ మాట మీ అక్క అత్తగారింటి దాకా పోకూడదు. బిడ్డకు ఏమన్నా అయితే నిన్ను ఊర్లో ఎవురూ నిలబడనీరు."

టోపీ తలకు అతికినట్టు సరిపోయిందని అమ్మ చెప్పింది. కానీ ఆ తర్వాత తొమ్మిది దినాలు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పొద్దున్నే లేచి ముందు ఆ గది వైపు చెవి పెట్టేవాళ్ళం. పదమూడో దినం బిడ్డ అక్క రొమ్ము పట్టింది. చప్పుడు చేస్తూ తాగుతోందని అమ్మ వాకిట్లోకి వచ్చి చెప్పి, అక్కడే గోడకానుకొని కూలబడింది. జేజి లేచి, మూడు పూటలుగా పొయ్యి మీదే ఆరిపోయిన జొన్నసంగటి కుండ దించి కడగడానికి పోయింది.

ఐదో నెలలో బావ బండి కట్టుకొని వచ్చినాడు. ప్రయాణం ముందు దినం అక్కకు తల దువ్వుతూ, అన్ని దినాలుగా లోపల దాచుకున్నది అడిగేసినాను.

"అక్కా, నా వల్లే ముందుగా పుట్టిందనుకుంటాండావా?"

అక్క బిడ్డ మీది గుడ్డ సర్దింది. బిడ్డ ఒళ్ళో నిద్రపోతోంది.

"నొప్పులు రాకముందు దినం మీరంతా చేనికి పోయినప్పుడు నేను నిండు బిందె ఎత్తుకొని బావి మెట్లు ఎక్కినా," అంది. "ఎవురికీ చెప్పల్యా. నువ్వూ చెప్పొద్దు."

నేను జడ అల్లడం ముగించినాను. ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.