మోకాళ్ళ మీది రబ్బరు పట్టీ

ఉప్పుగూడలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఆడవాళ్ళ జిమ్ తెరిచేనాటికి, ఇరవై ఏళ్ళుగా బడిలో నిలబడి తెలుగు పాఠాలు చెప్పిన నా మోకాళ్ళు మెట్లెక్కడానికి మొండికేస్తున్నాయి. జిమ్‌కు వెళ్ళాలన్నా మెట్లే ఎక్కాలి. మూలుగుతూ ఎక్కాను.

ట్రైనర్‌కు ముప్పై దాటలేదు. ఏదో చిన్న కోర్సు సర్టిఫికెట్‌ను అద్దం పక్కన దేవుడి పటంలా తగిలించుకుంది. నా చేత గుంజీల్లాంటి స్క్వాట్లు నాలుగు తీయించి, పెదవి విరిచింది.

"కూసున్నప్పుడు మీ మోకాళ్ళు లోపటికి పోతున్నయ్ మేడమ్. బ్యాండ్ ఎయ్యాలె. అది లోపటికి గుంజుతది, మీరు బయటికి నూకాలె. పిర్రల కండలు పనిచేస్తయ్, మోకాళ్ళు లైన్ల వడ్తయ్."

మాట తప్పేమీ కాదు. కానీ ఆమె దగ్గర మూడు రబ్బరు పట్టీలుంటే, నమ్మకం మాత్రం అన్నిటికంటే మందమైన నల్లదాని మీదే. దాన్ని నా రెండు కాళ్ళకూ కలిపి మోకాళ్ళకు కాస్త పైన తొడిగి, భుజాల మీద ఇనుప రాడ్ పెట్టింది. వంగగానే పట్టీ గెలిచింది. మోకాళ్ళు రెండూ వచ్చి గుద్దుకున్నాయి. "బయటికి, బయటికి" అని ఆమె అరిచేసరికి బలమంతా పెట్టి నెట్టాను. పాదాలు బయటి అంచుల మీదికి ఒరిగిపోయాయి, నేను వెనక్కి కూలబడ్డాను. రాడ్‌ను వెనకున్న ఇనుప స్టాండు పట్టుకుంది. నన్నెవరూ పట్టుకోలేదు. ట్రైనర్ చేతిలో ఫోనుంది మరి.

"ఫికర్ చెయ్యకుండ్రి, మొఖం రాదు. నడుం కిందికే తీసిన" అని ఓదార్చింది. ఆ సాయంత్రమే వీడియోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది.

మొఖం అక్కర్లేకపోయింది. పచ్చ చిలకల సల్వార్ ఉప్పుగూడ మొత్తంలో నాకొక్కదానికే ఉంది. మర్నాడు తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతుంటే పిల్లలందరూ బోర్డు వదిలేసి నా మోకాళ్ళనే చూశారు. ముందు బెంచీ అమ్మాయి లేచి ఎంతో వినయంగా అడిగింది: "టీచర్, ఆ రబ్బరు ఎందుకు?" సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణ అడిగితే ఏనాడూ లేవని పిల్ల.

మానేద్దామనుకుంటూనే జిమ్‌కు వెళ్ళాను. అక్కడ బార్కస్ నుంచి వచ్చే ఒకావిడ ఉండేది, యాభై ఐదేళ్ళది. అందరం ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. పీట లేకుండా గంటసేపు గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు తరగగలనని చెప్పేది. అంతవరకూ నాకది గొప్పగా అనిపించలేదు. ఆవేళ నా పక్కకు వచ్చింది.

"టీచరమ్మా, మోకాళ్ళను జర ఇడిచిపెట్టు. బూట్లు ఇప్పు, పాదాలు జూడు."

చూశాను. వంగినప్పుడల్లా అరికాళ్ళు లోపలివైపుకు పడిపోతున్నాయి. మోకాళ్ళు పాపం వాటి వెంట నడుస్తున్నాయి, అంతే.

"బొటనేలు, చిటికెనేలు, మడిమె. మూడిటినీ నేలకు ఆనించు. మోకాలు కాలి ఏళ్ళ దిక్కే పోవాలె, ఎక్కువ బయటికి గూడ పోవద్దు. రాడ్ పక్కకు వెట్టు. బ్యాండ్ కావాల్నంటే గా పసుపుది ఏసుకో, యాదికి ఉంటది."

పసుపుపచ్చది అన్నిటికంటే పలచనిది. అది లాగుతున్నట్టే ఉండదు, మోకాలు లోపలికి జారబోతే మాత్రం చిన్నగా తెలుస్తుంది. రెండు వారాలు దానితో చేశాను, తర్వాత అది కూడా తీసేశాను. రెండు నెలలకు అద్దంలో నా మోకాళ్ళు వేళ్ళ మీదుగా తిన్నగా వంగడం చూసి చాలా గర్వపడ్డాను. మెట్లు ఇంకా నొప్పే, కానీ మూలుగు తగ్గింది.

ట్రైనర్ కూడా గర్వపడింది. "చూసిన్రా మేడమ్, మన బ్యాండ్ పవర్. ఇంకో వీడియో తీద్దాం" అంది. ఆపా చేత రెండు మాటలు చెప్పిద్దామన్నాను. ఆపా పాదాల గురించి వివరంగా చెప్పింది. ట్రైనర్ ఆ మాటలు వినిపించకుండా వాటి మీద ఏదో పాట వేసేసింది.

నన్ను మాత్రం నల్ల పట్టీ వేసుకోమంది. నిలబడితే చాలట, వంగే ముక్క పట్టీ లేకుండా వేరేగా తీస్తానంది. ఇది అబద్ధం కదా అని అడగాలి. బడిలో అయితే అడిగేదాన్నే. కానీ తొమ్మిదో తరగతి మళ్ళీ చూస్తుందని, ఈసారి నేను కూలబడనని తెలుసు. పట్టీ తొడుక్కుని, చిలకల సల్వార్ కనిపించేలా నిలబడ్డాను.