ప్లూటో కోసం వేసిన రేకుల షెడ్డు

మెట్టుగూడలో మా డాబా మీద నేను వేసుకున్న రేకుల షెడ్డుని చూసి జనం అడగని ప్రశ్న లేదు. పావురాలు పెంచుతున్నారా అన్నారు. పైన ఇంకో పోర్షన్ వేసి అద్దెకిస్తారా అన్నారు. లోపల టెలిస్కోపు ఉందయ్యా అంటే, "అయితే ఎదురింటివాళ్ళు కనిపిస్తారా?" అని గొంతు తగ్గించి అడిగినాయన ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటాడు. విసిగి విసిగి చివరికి పావురాలే అని చెప్పడం మొదలుపెట్టాను.

నాకు కావలసింది ప్లూటో. దాన్ని గ్రహాల్లోంచి తీసేశారని పేపర్లలో వచ్చిన మరుసటి వేసవి అది. రైల్వే ఆఫీసులో నా పక్క సీటాయనది రోజూ ఒకటే పాట, "తీసేసినదాన్ని పట్టుకొని ఏం చేస్తరు సార్?" అని. ఉద్యోగంలోంచి తీసేస్తే మనిషి మాయమైపోతాడా అని నేను. ఆయన నవ్వేవాడు. ఏం చెప్పి చస్తాం!

ప్లూటో మామూలు కంటికి కనబడదు. నా టెలిస్కోపులో కళ్ళు పొడుచుకుని చూసినా కనబడదు, అందులోనూ సికింద్రాబాద్ లైట్ల మధ్య. టెలిస్కోపుకి కెమెరా బిగించి, ఆకాశంలో ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు సన్న సన్న చుక్కలు తేలతాయి. వందల చుక్కలు. అందులో ఒకటి ప్లూటో. ఏదయ్యా అది అంటే, మర్నాడు అదే చోటుని మళ్ళీ తీయాలి. నక్షత్రాలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం కాస్త పక్కకి జరుగుతుంది. జరిగినదే ప్లూటో. అంటే నాకు వరసగా రెండు మంచి రాత్రులు కావాలి. అంతకంటే దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

ఆ రెండూ దొరికితే ఒట్టు. మొదటి రాత్రి బాగుంటే రెండో రాత్రి కరెంటు పోయేది. కరెంటు ఉంటే సరిగ్గా ఫొటో మధ్యలో మౌలాలి వైపు నుంచి గూడ్సు బండొకటి వచ్చి డాబాని వణికించేది, చుక్కలన్నీ గీతలైపోయేవి. కరెంటూ గూడ్సూ రెండూ కరుణిస్తే ఫంక్షన్ హాలువాళ్ళు పెళ్ళి సంబరంలో ఆకాశంలోకి పెద్ద లైటు వేసి గిరగిరా తిప్పేవాళ్ళు. ఆ లైటు కనిపెట్టిన మహానుభావుడెవరో గాని నాకు ఎదురుపడకపోవడమే అతనికి మంచిది.

వీటన్నిటికీ పైన మా ఆవిడ. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, లెక్కల టీచరు, సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. "ముందు గదిల పిల్లలు ఒకరి మీద ఒకరు కూచుంటున్రు, మీ దూరబీనుకేమో డాబా అంత కావాలె," అని చాలాకాలంగా గొణుగుతూ వచ్చి, ఆ వేసవిలో తేల్చిపారేసింది. "వానలు షురూ అయ్యేలోపల ఆ చుక్క జరిగినట్టు నాకు చూపించండి. చూపిస్తే షెడ్డు మీది. లేకుంటే పీకించి ట్యూషన్ గది కట్టిస్త."

మ్యాపులో ఫలానా చోట ఉందని చూపిస్తే నమ్మవా అన్నాను.

"మ్యాపుల చూసి ఇదే అది అని ఎవరైనా అంటరు. జరగాలె," అంది. స్టెప్పులు లేకుండా జవాబు రాసినవాడికి మార్కులెయ్యని మనిషితో ఏం వాదిస్తాం?

పోనీ వానలకి టైముంది కదా అనుకుంటే, ఆ ఏడు బోరు ఎండిపోయింది. మా ఒక్కరిదే కాదు, వీధి వీధంతా. ట్యాంకరు హారన్ వినబడితే చాలు, ఆవిడ చాక్‌పీసు చేత్తోనే బిందెలు పట్టుకుని పరిగెత్తేది. అందరిదీ ఒకటే మాట, వాన పడితే బాగుండు, వాన పడితే బాగుండు. ఆ వీధిలో ఇప్పుడప్పుడే వాన వద్దు దేవుడా అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పైకి అంటే బిందెలతోనే కొట్టేవాళ్ళు.

మే నెల చివర్లో ఎట్టకేలకు ఒక మంచి రాత్రి దొరికింది. కరెంటు పోలేదు, గూడ్సు రాలేదు, ఎవరికీ పెళ్ళి కాలేదు. పొద్దున కంప్యూటర్లో చుక్కలన్నీ గుచ్చినట్టు స్పష్టంగా తేలాయి. ఇందులో ఎక్కడో ఉన్నావు, ఈ రాత్రి ఒక్కసారి చేతికి చిక్కు, నీ సంగతి తేలుస్తా అనుకుని ఈల వేసుకుంటూ ఆఫీసుకి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి డాబా మీద జంపఖానాలు పరిచి ఉన్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో కాటేజ్ ప్రేయర్! వారానికొకరింట్లో సంఘమంతా చేరి ప్రార్థన చేసుకుంటాం, ఆ వారం వంతు మాది. కింద ఉక్క అని మా ఆవిడ పైకి మార్చేసింది. అది చాలదన్నట్టు ట్యూబ్‌లైటొకటి తెచ్చి నా షెడ్డు స్తంభానికే కట్టింది. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సరే, ప్లూటో పైకి రావడానికి ఇంకా టైముంది, వీళ్ళు పోయాక చూసుకోవచ్చు అని షెడ్డు కప్పుని పక్కకి నెట్టాను. దానికి గేటు చక్రాలు వేయించాను, పట్టాల మీద జరుగుతుంది. పగలంతా రేకుల కింద కాగిన టెలిస్కోపు చల్లబడాలి కదా.

మా పాస్టరుగారు మంచివారే, ప్రార్థనే పొడుగు. రోగులకోసం చేశారు, పరీక్ష తప్పిన పిల్లలకోసం చేశారు. అందరూ కళ్ళు మూసుకుంటే నేను తెరుచుకుని తూర్పుకి చూస్తున్నాను. ఒక్క మబ్బు లేదు. అప్పుడు ఆయన గొంతు పెంచి, "బోర్లు ఎండిపోయాయి తండ్రీ, నీ బిడ్డలు నీళ్ళకోసం రోడ్డున పడ్డారు తండ్రీ, ఈ రాత్రే వాన పంపించు తండ్రీ!" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నా బుద్ధి గడ్డి తిని కాదు, చిన్నప్పుడు ఆమెన్ అనకపోతే మా నాన్న తొడపాశం పెట్టేవాడు, ఆ అలవాటు. అందరికంటే గట్టిగా అన్నాను.

పడమర బోయిన్‌పల్లి వైపు నా వీపు ఉంది, అక్కడ కమ్ముకొస్తున్నది నేను చూడలేదు. టీలు ఇస్తుండగా దుమ్ము లేచింది, వెంటనే చినుకులు, ఇంత లావువి. షెడ్డు కప్పు మూద్దామని పరిగెత్తితే అది సగంలో ఆగిపోయింది. ట్యూబ్‌లైటు వైరు పట్టాకి అడ్డంగా చుట్టి ఉంది! నేను అరుస్తున్నాను, వైరు పీకుతున్నాను, పాస్టరుగారు స్తోత్రం, స్తోత్రం అంటూ నాతోపాటు రేకుల్ని నెడుతున్నారు. కప్పు మూతపడింది. టెలిస్కోపు కొంచెం తడిసి బతికింది. మా ఆవిడా మిగతా ఆడవాళ్ళూ షెడ్డు చూరు కింద డ్రమ్ములు పెట్టి, నెత్తిన జంపఖానా కప్పుకుని నవ్వుతున్నారు. వాళ్ళ సంతోషం చూస్తూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు.

తరవాత రోజూ మబ్బే. తీర్పుకోసం ఎదురుచూశాను. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి డాబా మీద సుత్తి చప్పుడు. అయిపోయింది, పీకించేస్తోంది అనుకుంటూ మెట్లెక్కాను.

పైన ప్లంబరు ఒకతను నా షెడ్డు చూరుకి సగానికి కోసిన పైపుని తూములా బిగిస్తున్నాడు. అక్కణ్ణుంచి ఇంకో పైపు కింద సంపులోకి.

"షెడ్డు ఉండనీయండి," అంది మా ఆవిడ. "రేకు మీది నీళ్ళు సాఫ్‌గ దిగుతున్నయ్. పిల్లలు జెర సర్దుకుంటరు, నీళ్ళు లేకుంటే ఎట్ల సర్దుకుంటం?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. దగ్గరికి పోయి కప్పుని అలవాటుగా నెట్టాను. కదల్లేదు.

"ఇది బిగిస్తే కప్పు జరగదు కదా!" అన్నాను.

"వానకాలమంత అది ఎందుకు జరగాలె?"

"మబ్బు విడిచిన రాత్రి?"

"ఏందండీ మీరు! వాన కావాలని ఆ రోజు అందరికంటే గట్టిగ ఆమెన్ అన్నది ఎవరు?"

ప్లంబరు, ఆ చివర పట్టుకోండి సార్ అన్నాడు. పట్టుకున్నాను.