మా పనిని ముందే రాసినవాళ్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ మా అన్నా నార్కట్‌పల్లిలో, హైవే పక్కన టైర్ల షాపు మీది గది కిరాయికి తీసుకుని సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టాం. లారీ బుకింగ్ ఆఫీసుల కోసం ఒక ప్రోగ్రామ్ రాశాం. ఏ లారీ ఎక్కడుందో, ఏ లోడు ఎక్కించిందో అందులో కనిపించేది. మా ఇద్దరికీ వచ్చింది వెబ్ పేజీలు రాయడమే. కానీ ఆ ఆఫీసుల్లో నెట్ ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని అన్న ఆ పేజీలనే కంప్యూటర్లో పెట్టి, బ్రౌజర్ లేకుండా, నెట్ లేకున్నా మామూలు ప్రోగ్రామ్‌లా నడిచేట్టు చేశాడు. అది మొదటిసారి తెరుచుకున్న మధ్యాహ్నం, పట్టలేని సంతోషంతో కింద టైర్ల షాపు వాళ్లను కూడా పైకి పిలుచుకొచ్చి చూపించాడు.

కొన్నాళ్లకు అమెరికాలోని ఒక రవాణా కంపెనీ మా ప్రోగ్రామ్ కొంటానంది. మాటలన్నీ అయిపోయాక వాళ్ల వకీలు ఫోన్ చేశాడు. వెబ్ పేజీలను డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌గా నడిపే పద్ధతి మీద అక్కడ ఎవరికో పేటెంట్ ఉందట. మీ దేశంలో మీకేం కాదు, ఇక్కడ మేం వాడితే మా మీద కేసు పడుతుంది అన్నాడు. బేరం అంతటితో పోయింది.

అది పోయినందుకు అన్న పెద్దగా బాధపడలేదు. ఆ పేటెంట్ వెతికి పట్టుకుని చదివాడు. అప్పుడు మారిపోయాడు.

"చెల్లె, గిది చూడు. మన ఇంట్ల అడుగు పెట్టనోడు మన ఇల్లు ఎట్లుంటదో రాసిండు."

చూశాను. పేజీలను ఎక్కడ దాచాలి, నెట్ లేనప్పుడు ఏం చేయాలి, అన్నీ మేం చేసిన వరుసలోనే ఉన్నాయి. అందులోని బొమ్మ, ప్రోగ్రామ్ నడిచే తీరును అన్న మా గది గోడ మీద గీసుకున్న బొమ్మలాగే ఉంది. మేం మొదలుపెట్టడానికి ఏళ్ల ముందే గీశారు.

మర్నాటి నుంచి అన్న ప్రోగ్రామ్‌ను విప్పి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆ పేటెంట్‌లోని ఒక్క వాక్యంతోనూ తన పని కలవకూడదు. ఒకటి తప్పిస్తే ఇంకొకటి కలిసేది.

"ఈడ మనకేం కాదని వకీలే చెప్పిండు గదన్నా. ఎందుకు పాడు చేస్తున్నవు?" అన్నాను.

"నేను రాస్తుంటె ఎవలో ఎన్క నిలవడి చూస్తున్నట్టు ఉంటాంది. వేలు పెట్టకముందే ఏ అక్షరం కొడ్తనో వానికి ఎరికే."

ప్రోగ్రామ్ మాటిమాటికీ ఆగిపోసాగింది. బుకింగ్ ఆఫీసుల వాళ్లు ఒక్కొక్కరే దాన్ని తీసేశారు. గది ఖాళీ చేశాం. అన్న దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటకు వెళ్లిపోయాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. కానీ ఆ భయం నాకూ అంటుకుంది. ఏదైనా పని చక్కగా కుదిరితే ముందు సంతోషం, వెంటనే ఇది ఎవరిదోనని గుబులు.

చాలా ఏళ్ల తర్వాత ఆ పేటెంట్ చెల్లదని కొట్టేశారని చదివాను. ఆ పేటెంట్ కంటే ముందే ఎవరో అదే పని చేసి, అందరూ వాడుకోండని నెట్‌లో ఊరికే పెట్టేశాడట. వెంటనే తోటకు వెళ్లాను. అన్న చెట్లకు నీళ్లు పెడుతున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"అయితె వాళ్లది గూడ కాదన్నట్టు."

"కాదన్నా. మళ్ల చేద్దామా?"

తల అడ్డంగా ఊపాడు. "ఆ కాగితం కొట్టేసిండ్రు గని, నా లోపల కూసున్నది లేస్తలేదు చెల్లె."

నీటిని ఇంకో పాదుకు మళ్లించి అడిగాడు: "గా మొదలు చేసినాయనకు ఈ సంగతి ఎవలన్న చెప్పిండ్రా?"

"తెల్వదన్నా."

"చెప్తె మంచిగుండు" అన్నాడు. పార పక్కన పెట్టి, నాకు కోసివ్వడానికి బాగా పండిన కాయల కోసం చెట్లలోకి వెళ్లాడు.