అద్దం అత్త ఊడ్చిన ఆకు

మా సీతాకోకచిలుకల తోటలో ఊడ్చే ఆవిడని అందరం అద్దం అత్త అంటాం. ఆవిడ ఊడిస్తే బాట అద్దంలా మెరవాల్సిందే. గాజు కప్పు కింద అన్ని చెట్లున్నాయా, అయినా బాట మీద ఒక్క ఎండుటాకు కనిపిస్తే ఆవిడకి ముద్ద దిగదు. గేటు దగ్గర టికెట్లు చింపే నాకు, చెప్పుల దుమ్ము దులుపుకోమని రోజూ చీవాట్లే.

సీతాకోకలను పెంచేది బాబాయి. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్త ఆయన్ని "పురుగుల మరిదీ" అని ఏడిపిస్తుంది, ఆయన వదినా అంటాడు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఈసారి ఎంతో కష్టపడి ఎండుటాకు సీతాకోకని పెంచాడు. వేలాడదీసిన గూళ్లలో ఒక్కటే బతికి బయటికొచ్చింది. రెక్కలు మూస్తే అచ్చం ఎండుటాకే. ఈనె, తొడిమ, ఆఖరికి బూజు మచ్చతో సహా. విప్పితే మాత్రం లోపలంతా నీలం, అడ్డంగా నారింజ పట్టీ.

"వదినా, మగ్గిన పళ్ల పళ్లెం దగ్గర కాస్త చూసుకో. అది కిందే వాలుతుంది," అని చెప్పాడు కూడా.

"నాకు ఆకేదో పురుగేదో తెలీదా? నీకు మీసాలు రాకముందు నుంచీ ఊడుస్తున్నా, పోవయ్యా!"

మర్నాడు పొద్దున అత్త ఊడ్చి, ఆకులు గంపకెత్తి, ఎప్పట్లాగే ఇంకొన్ని పట్టేందుకు కాలితో తొక్కింది. ఆకుల గోతిలో గంప బోర్లిస్తుంటే, విరిగిన ఆకొకటి నీలంగా కనిపించింది. గబగబా దాని మీద ఇంకో గంపెడు ఆకులు పోసేసింది. ఇదంతా తర్వాత ఆవిడ నోటే విన్నాను.

అప్పట్నుంచీ బాబాయి వెతుకుతూనే ఉన్నాడు. "ఎక్కడో ఆకులా కూర్చుని మనల్ని చూసి నవ్వుకుంటోంది వదినా!" అని మురిసిపోయేవాడు. వచ్చిన జనం చెట్టుచెట్టుకీ కళ్లప్పగించేవాళ్లు. ఒకావిడ ఉత్త ఆకుని చూసి "అదిగో, కదిలింది!" అని చప్పట్లు కొట్టింది. అత్త తల దించుకుని అవతలికి వెళ్లిపోయింది. మాతో కూర్చుని తినడం కూడా మానేసింది.

చివరికి మేనేజరు వచ్చి బాబాయిని నిలదీశాడు.

"లోపలి తలుపూ బయటి తలుపూ ఒకేసారి తీసుంటావు, ఎగిరిపోయింది. రేపట్నుంచి నువ్వు బయట కుండీలకి నీళ్లు పోసుకో. ఇక్కడ ఇంకొకర్ని పెడతాను."

"ఏమో సార్, తీశానేమో," అని గొణిగి, బాబాయి మళ్లీ మోకాళ్ల మీద వంగి పళ్లెం కింద చేత్తో తడమసాగాడు.

అత్త చీపురు పక్కన పడేసింది.

"లేవయ్యా, లే! అది లేదు. నేనే తొక్కి చంపాను. గోతిలో ఉంది."

మేనేజరు ఆవిడనీ ఆయన్నీ మార్చిమార్చి చూసి వెళ్లిపోయాడు. బాబాయి లేవలేకపోతే నేను చెయ్యందించాను.

"తొక్కితే తొక్కావు వదినా," అన్నాడు. "నేనిట్లా నేల మీద దేకుతుంటే ఇన్నాళ్లూ చూస్తూ ఎట్లా ఊరుకున్నావు?"



బాబాయి అక్కడే ఉన్నాడు, మళ్లీ గూళ్లు వేలాడదీశాడు. అత్త ఇప్పుడు ప్రతి ఎండుటాకు దగ్గరా కూర్చుని ఊదుతుంది. కదలకపోతేనే చీపురు. గేటు తీసే వేళకి సగం బాట కూడా అవదు. మొన్న నేను ఊరుకోలేక, "ఏంటత్తా, నీ అద్దం మసకబారింది?" అన్నాను. ఆవిడ పక్క ఆకు దగ్గరికి జరిగి ఊదింది.

వెనక నుంచి బాబాయే, "నీకెందుకురా, ఆవిడ్ని ఊదనీ," అన్నాడు.

వదినా అని మాత్రం ఇంకా పిలవడం లేదు.